ఘాట్‌లో పట్టాలు తప్పిన రాత్రి – మన యువతకు నాలుగు మాటలు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం ఏర్పాటు చేసిన యువజన సభలో ఇద్దరు విశ్రాంత రైల్వే ఉద్యోగులు కలిసి సిద్ధం చేసుకుని చేసిన ప్రసంగ పాఠం)



ఈ మాటలు మేమిద్దరం కూర్చుని రాసుకున్నాం. మాలో పెద్దవాడు గూడ్స్ బండి నడిపేవాడు, చిన్నవాడు అసిస్టెంటు. ఆ రోజుల్లో మమ్మల్ని డ్రైవర్, అసిస్టెంట్ డ్రైవర్ అనేవారు. ఇప్పుడు లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్ అంటున్నారు. పేరు మారినా ఇంజన్ గదిలో పక్కపక్కన కూర్చునే ఆ ఇద్దరి పని మారలేదు. అందుకే మాలో ఎవరు చదివినా ఇది ఇద్దరి మాటగానే వినండి.

ఉద్యోగాల గురించి, ధైర్యం గురించి మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. ధైర్యం గురించి ఊరికే ఉపన్యాసం ఇవ్వడం మాకు చేతకాదు. మాకు తెలిసింది ఒక బండి, ఒక ఘాటు, ఒక రాత్రి. దాని గురించే చెబుతాం. అందులో మీకు పనికొచ్చేది ఏదైనా ఉంటే తీసుకోండి.

ముందుగా మన లైను సంగతి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా పోయే కె.కె. లైను మీకందరికీ తెలుసు. అరకు పాసింజరు ఎక్కని వాళ్లు మనలో ఉండరు. అద్దాల పెట్టెలో కూర్చుని వచ్చే పర్యాటకులకు అది లోయలు, సొరంగాలు చూసే దారి. కానీ దాన్ని వేసింది పర్యాటకుల కోసం కాదు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడం కోసం 1960ల్లో వేశారు. దారి పొడుగునా 58 సొరంగాలు ఉన్నాయి. ఆ కొండలు తొలిచిన కూలీల్లో మన తాతలూ ఉన్నారని మా ఇళ్లలో చెప్పుకునేవారు. 1980ల మొదట్లో కరెంటు ఇంజన్లు వచ్చాయి.

శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కణ్ణుంచి కరకవలస, బొర్రా గుహలు, చిమిడిపల్లి, త్యాడ, శివలింగపురం, బొడ్డవర మీదుగా బండి కిందికి దిగాలి. ఈ ఘాటులో వాలు కొన్నిచోట్ల 60కి 1. అంటే 60 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు కిందికి దిగుతాం. నడిచి పోయే మనిషికి అది వాలు అని కూడా అనిపించదు. ఖనిజం నింపిన బండికి మాత్రం అది చాలా పెద్ద వాలు.

లెక్క చూడండి. యాభై పైచిలుకు వ్యాగన్లు. నిండిన వ్యాగను ఒక్కోటి దాదాపు 80 టన్నులు. మొత్తం 4000 టన్నులకు పైనే. 60కి 1 వాలులో అంత బరువును కిందికి లాగే బలం 65 టన్నులు దాటుతుంది. దాన్ని ప్రతి క్షణం బ్రేకు పట్టుకునే ఉండాలి. శిమిలిగుడ నుంచి మైదానం దాకా దాదాపు 900 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు ఆ బండి నుంచి బయటికి వచ్చే శక్తిని కరెంటుగా లెక్కగడితే పది వేల యూనిట్లకు దగ్గరగా వస్తుంది. నెలకు వంద యూనిట్లు వాడే ఇంటికి ఎనిమిదేళ్లు సరిపోయే కరెంటు అది. అంత శక్తినీ బ్రేకుల్లోనే అరగదీయాలి. అందుకే మా పెద్ద డ్రైవర్లు చెప్పేవారు: "బండి ఎక్కించేవాడు కాదురా, దించేవాడు డ్రైవరు" అని.

ఇక ఆ రాత్రి సంగతి.

శ్రావణ మాసం. మూడు రోజులుగా ముసురు. అర్ధరాత్రి దాటింది. ఖనిజం బండితో ఘాటు దిగుతున్నాం. ముందు వరసగా మూడు ఇంజన్లు. వేగం గంటకు 30 కిలోమీటర్ల లోపే, హద్దులోనే ఉంది. చినుకు పడినప్పుడల్లా పట్టా జారుతుంది కాబట్టి ఇసుక వేసుకుంటూ వస్తున్నాం. సిగ్నలు కనబడగానే ఇద్దరం దాని రంగు పైకి చెప్పుకోవడం మా పనిలో నియమం. ఒకరు చెబితే రెండోవారు తిరిగి చెప్పాలి. ఆ రాత్రి కూడా అలాగే చెప్పుకుంటూ వస్తున్నాం.

ఒక సొరంగం దాటాం. తర్వాత కొండను కోసిన దారి, ఆ వెంటనే వంపు. హెడ్‌లైటు వంపు తిరిగి పట్టా మీద పడేసరికి అక్కడ పట్టా లేదు. ఎర్రమట్టి, విరిగిన చెట్టు, వాటి మధ్య ఇంట్లో గాదెంత బండ. చిన్నవాడు ముందు చూశాడు. "బండ! అన్నా, బండ!" అని అరిచాడు. ఆ అరుపు తెలుగులో రాలేదు, హిందీలో రాలేదు. మన ఇంటి భాషలో వచ్చింది. పెద్దవాడికి దాన్ని అర్థం చేసుకోవలసిన అవసరం కూడా లేకపోయింది. అరుపు పూర్తికాకముందే చెయ్యి బ్రేకు హ్యాండిలును ఎమర్జెన్సీకి తోసేసింది.

గంటకు 30 అంటే సెకనుకు ఎనిమిది మీటర్లు. బండకూ మాకూ మధ్య ఎనభై మీటర్లు కూడా లేవు. పది సెకన్ల లోపు. అంత బరువు బండి అంతలో ఆగదు. ఆగదని మాకూ తెలుసు. కానీ ఎంత వేగం తగ్గితే దెబ్బ అంత తగ్గుతుంది. బ్రేకు వేసి, కరెంటు తీసుకునే పాంటోగ్రాఫును దించి, ఇద్దరం సీట్ల వెనక నేల మీద పడుకున్నాం. ఆ తర్వాత చప్పుడు. దాన్ని వర్ణించమని చాలామంది అడిగారు. మేము వర్ణించం. దెబ్బ తగిలినప్పటి చప్పుడు కన్నా, వెనకనుంచి వ్యాగన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ వచ్చిన చప్పుడు ఎక్కువసేపు ఉంది. అంతే చెప్పగలం.

మా ఇంజను ముందు చక్రాలు పట్టా దిగి, కొండవైపు ఒరిగి ఆగింది. లోయవైపు ఒరిగి ఉంటే ఈ ప్రసంగం ఉండేది కాదు. వెనక పదకొండు వ్యాగన్లు పడ్డాయి. వాటిలో మూడు లోయలోకి పోయాయి. పెద్దవాడికి మెడ పక్క ఎముక విరిగింది. చిన్నవాడి మోకాలు చీలింది. చీకటి, వాన, ఖనిజం ధూళి. మొదట ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకున్నాం. ఇద్దరి గొంతులూ వినబడ్డాయి.

తమ్ముళ్లూ, బతికామని తెలిశాక వెంటనే బయటికి దూకెయ్యాలనిపిస్తుంది. అక్కడే ఆగాలి. విరిగిన స్తంభంతో పాటు పై తీగ కిందికి వేలాడుతోంది. దాంట్లో పారేది 25,000 వోల్టులు. తీగ తెగినప్పుడు సరఫరా దానంతటదే ఆగినా, పరీక్ష కోసం మళ్లీ ఇచ్చే అవకాశం ఉంటుంది. కాబట్టి కరెంటు తీసేశామని కబురు వచ్చేదాకా తెగిన తీగలో కరెంటు ఉన్నట్టే లెక్క. మీ ఊళ్లో కరెంటు తీగ తెగిపడినా ఇదే మాట గుర్తుంచుకోండి. దగ్గరికి పోవద్దు, పశువును విడిపించడానికి కూడా పోవద్దు.

మేము ముందు చేసింది ఇంజను మీద పసుపు రంగులో ఆరుతూ వెలిగే ఫ్లాషర్ లైటు వెయ్యడం. అది బ్యాటరీతో పనిచేస్తుంది. ఎదురు వచ్చే బండికి అది ఆగమని కేక. తర్వాత వాకీటాకీలో గార్డును పిలిచాం. ఆయన క్షేమంగా ఉన్నారు. స్టేషనుకు కబురు వెళ్లింది. కరెంటు తీసేశారని ఖాయమయ్యాకే కిందికి దిగాం. రెండో లైను ఉన్న చోటైతే ఇంకో పని ఉంటుంది. దెబ్బ తగిలినా కుంటుకుంటూ పోయి, 600 మీటర్ల దగ్గర ఒక పటాకా, 1200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంలో మూడు పటాకాలు పట్టా మీద కట్టాలి. మనం బతికిన చోట ఇంకో బండి మనుషులు చావకూడదు. ఈ పనులు ఒక వరసలో రాసిపెట్టి, ఏటేటా మాచేత వల్లె వేయించేవారు. అప్పట్లో మేము విసుక్కునేవాళ్లం. ఆ రాత్రి తల పని చెయ్యలేదు, వల్లె వేసిందే పని చేసింది.

ఇంకో ప్రమాదం వెనక కాచుకుని ఉంది. పట్టా మీదే నిలబడిపోయిన ముప్పై పైగా నిండు వ్యాగన్లు. గాలి బ్రేకు అప్పటికి పట్టుకునే ఉంది. కానీ ఆ గాలి మెల్లగా కారిపోతుంది. అప్పుడు అవి జారి మళ్లీ మా మీదికే రావచ్చు. ఈ మాట కట్టుకథ కాదు. కెనడాలో లాక్ మెగాంటిక్ అనే ఊళ్లో 2013 జూలై 6న ఏం జరిగిందో చూడండి. ఊరికి ఎగువన వాలులో నిలిపిన ఒక చమురు బండికి చేతి బ్రేకులు తగినన్ని వెయ్యలేదు. ఇంజను ఆగిపోయి, గాలి కారిపోయి, 72 ట్యాంకులతో అది మనిషి లేకుండా జారింది. ఊరి మధ్యలో పడి తగలబడింది. 47 మంది చనిపోయారు. అందుకే ఆ రాత్రి గార్డు వెనకనుంచి, చిన్నవాడు చీలిన మోకాలితో ముందునుంచి, ఒక్కో వ్యాగనుకు చేతి బ్రేకు చక్రం తిప్పి బిగించుకుంటూ వచ్చారు.

అప్పుడు కొండమీద దివిటీలు కనిపించాయి. చప్పుడు విని పై గూడెం వాళ్లు దిగివస్తున్నారు. మేము రైలు వాళ్లమని కాక, మాట వినగానే మనవాళ్లమని గుర్తుపట్టారు. చక్రాల కింద రాళ్లు, దుంగలు పెట్టమంటే నిమిషాల్లో పెట్టారు. మట్టి ఇంకా ఎటునుంచి జారేలా ఉందో ఒక పెద్దాయన చూసి చెప్పి, అందరినీ ఆ పక్కకు పోనివ్వలేదు. గంట తర్వాత ఆ పక్కే ఇంకొంత మట్టి జారింది. ఒక అవ్వ చోడి అంబలి వేడిచేసి తెచ్చింది. పెద్దవాణ్ణి డోలీలో కట్టి, స్టేషను దాకా మోసుకొచ్చారు.

ఆ డోలీ గురించి ఒక మాట చెప్పాలి. లోకమంతటికీ ఉక్కు ఇచ్చే ఖనిజం ఆ గూడెం పక్కనుంచే పోతుంది. ఆ గూడేనికి రోడ్డు లేదు. నొప్పులు పడే తల్లులను మోసే డోలీ అది. ఆ రాత్రి అదే మమ్మల్ని మోసింది. ఇది ఎవరి మీదో కోపంతో చెప్పడం లేదు. మీలో ఎవరు ఏ ఉద్యోగంలోకి పోయినా, ఏ కుర్చీలో కూర్చున్నా, ఆ డోలీని గుర్తుపెట్టుకోండి అని చెబుతున్నాం.

తర్వాత విచారణ జరిగింది. జరగాలి కూడా. తాగి ఉన్నామా అని పరీక్ష చేశారు. వేగం ఎంతో ఇంజన్లోని రికార్డరు చెప్పింది. ముందే ఎందుకు చూడలేదని పదేపదే అడిగారు. మేము చెప్పింది ఒక్కటే: ఏ గంటకు, ఏ కిలోమీటరు దగ్గర, ఏ స్తంభం నంబరు దగ్గర, ఎంత వేగంతో, ఏం చేశాం. అంతకన్నా ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. కొండ జారడమే కారణమని తేలింది. మీకు మా సలహా ఇది. ఏ ఉద్యోగంలోనైనా వాంగ్మూలం ఇవ్వాల్సి వస్తే, మీకు బాగా వచ్చిన భాషలోనే ఇవ్వండి. చదవకుండా సంతకం పెట్టకండి. పెద్ద అధికారి ముందు కూర్చున్నామని చూసినదాన్ని తగ్గించీ చెప్పొద్దు, చూడనిదాన్ని చూశామనీ చెప్పొద్దు.

ఎముక మూడు నెలల్లో అతికింది. నిద్ర మాత్రం అంత త్వరగా రాలేదు. ఇంటి రేకుల మీద వాన పడితే లేచి కూర్చునేవాళ్లం. చిన్నవాడు అన్నం తింటూ తింటూ ఆగిపోయేవాడు. పెద్దవాడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఊళ్లో ఒకరు గాలి సోకింది అన్నారు, ఇంకొకరు ఒక సీసా తాగితే పోతుంది అన్నారు. సీసాతో పోదు. మా తోటివాళ్లలో అలా పోగొట్టుకుందామని చూసి, ఉద్యోగాన్నీ ఇంటినీ పోగొట్టుకున్నవాళ్లను మేము చూశాం.

మాకు మేలు చేసింది మాట్లాడడం. ఆ తర్వాత వచ్చిన ఇటుకల పండగకు ఊరి పెద్దలు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, మొత్తం చెప్పమన్నారు. చెప్పాం. మర్నాడు మళ్లీ చెప్పమన్నారు. మూడోసారికి చేతుల వణుకు తగ్గింది. ఇప్పుడు మీకు ఇంకో దారి కూడా ఉంది. మనసు కష్టంగా ఉంటే టెలి మానస్ అనే ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఫోన్ చెయ్యొచ్చు. డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రమాదం ఒక్కటే కాదు, పరీక్ష తప్పినా, ఇంట్లో గొడవైనా, ఒంటరిగా కూర్చోకండి. భయం ఉందని చెప్పడం పిరికితనం కాదు. తర్వాత మేమిద్దరం మళ్లీ బండి ఎక్కాం. మొదటి కొన్ని ట్రిప్పులు ఇంకో అనుభవజ్ఞుడు పక్కన ఉన్నాడు. ఆ వంపు దగ్గర ఎవరూ మాట్లాడలేదు. దాటాక సిగ్నలు రంగు పైకి చెప్పుకున్నాం. ఉద్యోగ విరమణ దాకా నడిపాం.

బతికినవాళ్లమంతా మా గొప్ప వల్ల బతికామనుకోకూడదు. 1989 మే 12న అమెరికాలోని కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో అనే ఊరి దగ్గర ఇలాగే ఒక గూడ్సు బండి ఘాటు దిగింది. 69 వ్యాగన్ల ఖనిజం. కాగితాల మీద బరువు దాదాపు 6,150 టన్నులని లెక్కగట్టారు. నిజంగా ఉన్నది దాదాపు 8,900 టన్నులు. ఇంజన్లలో కొన్నిటికి విద్యుత్ బ్రేకు సరిగా లేదు. బండి చెయ్యి దాటింది. ఎమర్జెన్సీ బ్రేకు వేస్తే, పనిచేస్తున్న విద్యుత్ బ్రేకు కూడా తెగిపోయింది. గంటకు 160 కిలోమీటర్లకు పైన పోయి, వంపులో పట్టాలు తప్పి ఇళ్ల మీద పడింది. నడిపిన ఇంజనీరు బతికాడు. సిబ్బందిలో ఇద్దరు, ఇళ్లలోని ఇద్దరు పిల్లలు చనిపోయారు. శిథిలాలు తీశాక, పదమూడు రోజులకు అక్కడి పెట్రోలు గొట్టం పగిలి మంటలు లేచి ఇంకో ఇద్దరు పోయారు. అక్కడ స్టీరింగు లాంటిది ఏమీ లేని గదిలో కూర్చున్న మనిషికి, బరువు తప్పుగా రాసిన కాగితమే మృత్యువైంది. కాబట్టి లెక్కను చిన్నచూపు చూడకండి. మీరు రాసే ఒక అంకె మీద, మీరు ఎప్పుడూ చూడని మనిషి ప్రాణం నిలబడి ఉండొచ్చు.

ఇక ఉద్యోగం సంగతి. అసిస్టెంట్ లోకో పైలట్ కావాలంటే పదో తరగతితో పాటు తగిన ట్రేడులో ఐటీఐ, లేదా డిప్లొమా, ఇంజనీరింగ్ ఉండాలి. రైల్వే నియామక పరీక్షలు తెలుగులో రాయొచ్చు. రాత పరీక్షల తర్వాత కంప్యూటరు మీద ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటుంది. మనకు వయసులోనూ, రాత పరీక్ష అర్హత మార్కుల్లోనూ సడలింపు ఉంది. కానీ ఆప్టిట్యూడ్‌లో ప్రతి విభాగంలోనూ 42 తెచ్చుకోవాలి. దాంట్లో ఏ వర్గానికీ సడలింపు లేదు. ఉండకూడదు కూడా. పట్టా మీదికి జారిన బండకు రిజర్వేషను తెలియదు. కళ్లు అద్దాలు లేకుండా 6/6 ఉండాలి, రంగులు సరిగా కనబడాలి. కాబట్టి ఫీజు కట్టి కోచింగులో చేరేముందు కళ్లు పరీక్ష చేయించుకోండి.

చెల్లెళ్లకు ఒక మాట. ఇది మగవాళ్ల పని అని ఎవరైనా అంటే నమ్మకండి. సురేఖా యాదవ్ గారు 1980ల చివర్లోనే ఈ పనిలోకి వచ్చి, ఘాటు బండ్లు కూడా నడిపారు. మోయాల్సింది బండిని కాదు. నిద్ర ఆపుకుని, కళ్లు తెరుచుకుని, చూసింది చూసినట్టు చెప్పడమే పని.

చివరిగా, మన పిల్లల్లో ఒక అలవాటు మేము చూస్తుంటాం. తరగతిలోనో, ఆఫీసులోనో ఏదో తేడాగా కనిపిస్తుంది. మన యాస చూసి నవ్వుతారేమోనని, మన తెలుగు సరిగా లేదేమోనని, చూసి కూడా ఊరుకుంటాం. ఆ అలవాటు మానండి. ఆ రాత్రి చిన్నవాడు మంచి మాట కోసం వెతుక్కుని ఉంటే, ఉన్న పది సెకన్లలో రెండు పోయేవి. మీకు వచ్చిన భాషలో, వచ్చిన యాసలో, పైకి చెప్పండి. పక్కన కూర్చున్న పెద్దవాళ్లు కూడా వినడం నేర్చుకోండి.

 అడగాలనుకున్నవాళ్లు సభ అయ్యాక మా దగ్గరికి రండి. పరీక్ష పుస్తకాల జాబితా, దరఖాస్తు నింపే పద్ధతి మాతో తెచ్చాం. బయట చెట్టు కింద సాయంత్రం దాకా ఉంటాం.

జై ఆదివాసీ.